పచ్చపట్టీ

అప్పలకొండ నెత్తిమీద గిన్నె బోర్లించి, గడ్డం కింద బెల్టు బిగించి, డాక్టర్ పరాంకుశం రెండడుగులు వెనక్కి వేసి మురిపెంగా చూసుకున్నాడు. ఆ మురిపెం మనిషి మీద కాదు, గిన్నె మీద. రేవుపట్నం జైల్లో ఒకప్పుడు బియ్యం బస్తాలు పెట్టుకున్న గది అది. దానికి ఇప్పుడు ఏసీ పెట్టించి, లేబరేటరీ అని బోర్డు తగిలించారు. ఖైదీల బియ్యం వరండాలో వానకు తడుస్తోంది.

"భయపడకు. షాక్ కొట్టదు," అన్నాడు డాక్టరు.

"బయం నేదండి. కరెంటు పన్లు కూడా సేసినోణ్ణే," అన్నాడు అప్పలకొండ.

అప్పలకొండ ప్లంబరు. శాంతిశిఖర అనే అపార్ట్‌మెంటులో పైపు కారుతోందని పిలిస్తే వెళ్ళి బాగుచేసి వచ్చాడు. మర్నాడు అక్కడి నీళ్ళ మోటారు కనబడలేదు. మోటారు గదిలోకి ఆఖరున వెళ్ళినవాడు ఇతనే కాబట్టి దొంగ ఇతనే అని అసోసియేషన్ ప్రెసిడెంటు భుజంగరావు తేల్చేశాడు. ఇంత సులువుగా తేలిన కేసు దొరికినందుకు పోలీసులూ సంతోషించారు.

స్క్రీన్ మీద బొమ్మలు మొదలయ్యాయి. రైల్వే స్టేషను. బస్సు. ఎవరూ ఎరగని ఏదో ఊరు. తర్వాత చేపలగడ్డ వాడ, అందులో అతనుండే అద్దె గది, సందు మొగలో అతనే బిగించిన కుళాయి. ఆ తర్వాత అతని భార్య నూకరత్నం, పుణుగుల బండి దగ్గర నిలబడి ఎవరినో కసురుతూ ఉన్న ఫోటో. కంప్యూటర్లో గీత జివ్వున లేచి పైఅంచుకు తగిలి అక్కడే ఉండిపోయింది.

"అద్భుతం!" అన్నాడు డాక్టరు. "ఇలాంటి రీడింగ్ ఇంతవరకూ రాలేదు. ఈ మనిషి చచ్చినా ఈ ఊరు వదలడు."

"అయితే నన్ను ఒగ్గేత్తారా బాబూ?"

"ఇది ప్రయోగం మాత్రమే. చట్టం రావాలి కదా," అని డాక్టరు గిన్నె తీసి మెత్తటి గుడ్డతో తుడుచుకున్నాడు.

ఈ యంత్రం సంగతి కాస్త చెప్పాలి. గిన్నె లోపల నిండా సన్నటి సెన్సర్లు ఉంటాయి. తన చోటును చూసినప్పుడు మనిషి మెదడు ఒకలాగ స్పందిస్తుంది, పారిపోవడానికి వీలైన చోటును చూసినప్పుడు మరొకలాగ స్పందిస్తుంది. ఆ తేడాను కంప్యూటర్ లెక్కగట్టి, ముద్దాయిని వదిలిపెడితే వాయిదాకు తిరిగొస్తాడా, రాడా అన్నది చెబుతుంది. అంతే. మంచివాడా చెడ్డవాడా, నేరం చేశాడా లేదా, మళ్ళీ చేస్తాడా అన్నవాటి గురించి ఒక్క ముక్క చెప్పదు. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. రేవుపట్నంలో ఒక్కడంటే ఒక్కడు గుర్తుపెట్టుకోలేదు.

అసలు యంత్రం అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ ఊళ్ళో బెయిలు దొరకడం వేరు, జైలు గేటు దాటడం వేరు. మేజిస్ట్రేటు అప్పలకొండకు బెయిలు ఎప్పుడో ఇచ్చాడు. ఇంటిపన్ను రసీదు ఉన్న ఇద్దరిని జామీనుగా తెచ్చుకోమన్నాడు. చేపలగడ్డలో ఇళ్ళకు గోడలే సరిగా లేవు, పన్ను రసీదులు ఎక్కడివి? కోర్టు ముందు టీ కొట్టు దగ్గర అద్దెకు జామీనుండేవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళను పలకరించడానికి కూడా నూకరత్నం తాహతు చాలలేదు. అందుకని బెయిలు వచ్చిన మనిషి జైల్లోనే ఉండిపోయాడు.

ఇక టీవీల్లో చర్చ చూడాలి. ఒక కుర్చీలో భుజంగరావు, ఎదురు కుర్చీలో ఒక సంస్కరణవాది లాయరు. భుజంగరావు ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరూ వినిపించుకోని గొంతు అది, ఇప్పుడు ఊరంతా వింటోంది. "బెయిలిచ్చి దొంగల్ని మన గుమ్మాల్లోకి తోలుతున్నారు. మా మోటారే పోయింది!" అని బల్ల గుద్దేవాడు. "పేదరికం నేరమా?" అని లాయరు చెయ్యెత్తేవాడు. ఆ చేతికున్న వాచీ మీద కెమెరా కాసేపు ఆగేది. ప్రకటనల విరామంలో ఇద్దరూ ఒకే ప్లేటులో జీడిపప్పు తినేవారు.

మోటారు దొరికింది. నిజానికి అది పోనే లేదు. పాత సెక్రటరీ దాన్ని రీవైండింగ్‌కు పంపించి ఆ సంగతి మరిచిపోయాడు. షాపువాడు తెచ్చి బిగించి వెళ్ళాడు. భుజంగరావు స్వయంగా చూశాడు. చూసి, పోలీసులకు చెప్పాలా వద్దా అని ఆలోచించాడు. చెబితే టీవీలో తన వాదన పలచబడిపోతుంది. అందుకని చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఆ మోటారు ఎక్కించిన నీళ్ళతోనే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, న్యాయం గురించి మాట్లాడ్డానికి వెళ్ళేవాడు.

కొన్నాళ్ళకు చట్టం వచ్చింది. జామీను పద్ధతి మొత్తం రద్దు. ఇకమీదట గిన్నె చెప్పిందే బెయిలు. తిరిగొస్తాడని తేలితే చేతికి పచ్చపట్టీ బిగించి వదిలేస్తారు. రాడని తేలితే లోపలే. పట్టీ విప్పడానికి రాదు, చిన్న చిప్ ఉంటుంది. యంత్రాన్ని అరెస్టయినవాళ్ళ మీద తప్ప మరెవరి మీదా వాడకూడదని డాక్టర్ పరాంకుశం పట్టుబట్టి రాయించాడు. మామూలు పౌరుల మెదడులోకి తొంగిచూడటం మర్యాద కాదట. ఆ ఒక్క మంచి మాటే ఊరి కొంప ముంచింది.

భుజంగరావు ఈ చట్టాన్ని ముందు తిట్టాడు. తర్వాత దాన్ని ఎలా వాడుకోవాలో కనిపెట్టాడు. "ప్రభుత్వమే మెదడు చూసి పచ్చజెండా ఊపిన మనిషి కంటే నమ్మకస్తుడెవడు?" అన్నాడు. శాంతిశిఖరలో అద్దెకు దిగాలన్నా, పని మనిషిగా రావాలన్నా పచ్చపట్టీ చూపించాలని నోటీసు పెట్టించాడు. పక్క అపార్ట్‌మెంటువాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళూ పెట్టారు. బ్యాంకులు పెట్టాయి, స్కూళ్ళు పెట్టాయి. పెళ్ళిచూపుల్లో పిల్లాడి చెయ్యీ, అతని తండ్రి చెయ్యీ చూడటం మొదలుపెట్టారు. పట్టీ అంటే శీలానికి సర్టిఫికెట్ అయి కూర్చుంది. "అది వాయిదాకు వస్తాడని మాత్రమే చెబుతుందండీ," అని పరాంకుశం మొదట్లో రెండు మూడు సభల్లో చెప్పాడు. తర్వాత సన్మానాలు మొదలయ్యాయి. శాలువా భుజం మీద పడ్డాక ఆ మాట అనడం మానేశాడు.

చిక్కేమిటంటే, పట్టీ కావాలంటే అరెస్టవాలి. అరెస్టవాలంటే నేరం చెయ్యాలి. చదువుకున్నవాళ్ళు కదా, వెంటనే అర్థం చేసుకున్నారు.

మునిసిపల్ పార్కులో పూలకుండీలు మాయమయ్యాయి. లైబ్రరీలో నిఘంటువులు పోయాయి. దొంగతనం చేసినవాళ్ళే సొత్తును చంకలో పెట్టుకుని, ఆటో చేయించుకుని స్టేషనుకు వచ్చేవారు. ఎస్సై సన్యాసినాయుడు నెత్తి పట్టుకున్నాడు. "మేష్టారూ, మీరు మా నాన్నకి పాఠాలు సెప్పినోరు. ఈ కుండీ ఏటండి?" అంటే, "కేసు రాయవయ్యా, మా అబ్బాయికి సంబంధం తప్పిపోతోంది," అని రిటైర్డ్ హెడ్మాస్టరు గద్దించేవాడు.

ఊరంతటికీ గిన్నె ఒక్కటే. క్యూ పెరిగింది. లాకప్‌లో చోటు చాలక, పెద్దమనుషుల్ని రాత్రికి ఇళ్ళకు పంపి పొద్దున్నే వరసలోకి రమ్మనేవారు. అప్పటికే భుజంగరావు లాంటివాళ్ళు గోల చేసి ఒక రూలు పెట్టించుకుని ఉన్నారు. పెద్ద నేరం చేసినవాణ్ణి ముందు పరీక్షించాలి, చిన్న నేరం వెనక. దానితో పెద్దమనుషులు కుండీలు వదిలేసి పెద్ద పనులకు దిగారు. భుజంగరావుకు కూడా పట్టీ లేదు, ఎన్నికలు వస్తున్నాయి, పట్టీ లేనివాడు ప్రెసిడెంటుగా ఉండకూడదని ఎదుటివర్గం అంటోంది. ఆయన పక్క ఫ్లాటాయనతో ముందుగా మాట్లాడుకుని ఆయన కారు అద్దాలు ఇనప రాడ్డుతో బద్దలు కొట్టాడు. మర్నాడు ఆయన వచ్చి ఈయన కారు అద్దాలు బద్దలు కొట్టాడు. ఇద్దరూ కలిసి టిఫిన్ చేసి స్టేషనుకు వెళ్ళారు.

గిన్నె కింద కూర్చోబెట్టినప్పుడు భుజంగరావుకు భార్య ఫోటో చూపిస్తే గీత కదల్లేదు. మనవల ఫోటో చూపిస్తే కాస్త కదిలింది. సెల్లారులో ఆయన పార్కింగ్ స్థలం చూపించగానే గీత నిలువునా లేచింది. తప్పకుండా తిరిగొచ్చే మనిషేనని యంత్రం చెప్పింది, పచ్చపట్టీ బిగించారు. ఆ సాయంత్రమే ఆయన ఆ చెయ్యి టీవీలో ఊపుతూ, "చూశారా? బెయిలు సంస్కరణ వచ్చాక ఊళ్ళో నేరాలు ఎలా పెరిగిపోయాయో!" అని అడిగాడు. "జనం చట్టంలో ఇంతగా పాలుపంచుకోవడం ప్రజాస్వామ్య విజయం," అన్నాడు ఎదురు కుర్చీ లాయరు. ఆయన చేతికీ కొత్త పట్టీ ఉంది. ఏం చేసి తెచ్చుకున్నాడో ఎవరూ అడగలేదు.

చట్టం రాకముందు నుంచీ నూకరత్నం తిరగని గుమ్మం లేదు. మొగుడి గురించి ఊరికే ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు ఆమె. హార్డ్‌వేర్ షాపు యజమానినీ, ఆయన తమ్ముణ్ణీ బతిమాలి, మందలించి, జామీనుండటానికి ఒప్పించింది. ఇంటిపన్ను రసీదులతో సహా కోర్టుకు పట్టుకొచ్చింది. ఆ వారమే చట్టం అమలులోకి వచ్చింది. జామీనులు రద్దయ్యాయి, గిన్నె దగ్గరికి వెళ్ళమని గుమాస్తా కిటికీ మూసేశాడు. గిన్నె దగ్గర వంతు వచ్చేలోపే కొత్త రూలు వచ్చి, మోటారు దొంగతనం చిన్న నేరమైపోయింది. అద్దాలు పగలగొట్టినవాళ్ళ వెనక, తగువులు పెట్టుకుని తలలు బద్దలు కొట్టుకున్నవాళ్ళ వెనక అప్పలకొండ పేరు ఎక్కడో ఉంది. రోజురోజుకీ ఇంకా వెనక్కి జరుగుతోంది.

ఆమె సరాసరి డాక్టర్ పరాంకుశం గదికి వెళ్ళింది. గోడమీద అద్దాల ఫ్రేములో ఒక గ్రాఫు ఉంది, పైఅంచుకు తగిలిన గీతతో.

"అది మీ ఆయనదేనమ్మా," అన్నాడు డాక్టరు గర్వంగా. "దేశదేశాల వాళ్ళు వచ్చి చూసి వెళ్తున్నారు."

"ఊరు ఒగ్గడని మీ గిన్ని సెప్పింది గదా బాబూ. మరైతే మనిసిని ఒగ్గరేటి?"

"అది చట్టం రాకముందు తీసిన రీడింగ్. చెల్లదు. మళ్ళీ తియ్యాలి. దానికి వరస ఉంది."

"ఆ వరస్లో ఉన్నోళ్ళందరూ రాత్తిరికి ఇంటికెళ్ళి తొంగుంటన్నారు బాబూ. జైల్లో ఉన్నోడు మావోడొక్కడే."

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వ్యవస్థలో చిన్న చిన్న లోపాలు ఉంటాయమ్మా. సైన్స్ తప్పు కాదు."

"మీ సైన్సు నాకెందుకండి. ఇంటోడు పచ్చపట్టీ నేపోతే గది కాలీ సెయ్యమంటన్నాడు. మా ఆయనొత్తే పట్టీతోటే వత్తాడని సెప్పి ఆపుతన్నాను. ఎన్నాళ్ళని ఆపను?"

డాక్టరు ఒక అర్జీ రాసి ఇమ్మన్నాడు. నూకరత్నం ఆ ఫ్రేములోని గీతను కాసేపు చూసి, ఏమీ రాయకుండా వచ్చేసింది.

చివరికి జైలుకు వచ్చే ఉచిత లాయరు ఒక ఉపాయం చెప్పాడు. తప్పు ఒప్పుకుంటే ఇప్పటిదాకా ఉన్న జైలునే శిక్షగా లెక్కవేసి ఇవాళే పంపించేస్తారు. ఒప్పుకోకపోతే గిన్నె కోసం ఎదురుచూస్తూ ఉండాలి.

"తియ్యనేదంటే జైలు. తీసేనంటే ఇల్లు. అంతేనా బాబూ?"

"అంతే."

"అయితే తీసేనండి," అన్నాడు అప్పలకొండ. జీవితంలో అతను గట్టిగా చెప్పిన అబద్ధం అదొక్కటే. కోర్టు దాన్ని ఒక్క క్షణంలో నమ్మేసింది. మోటారు ఎక్కడుందని మేజిస్ట్రేటు అడిగితే, అమ్మేశాడని లాయరే చెప్పేశాడు. సొత్తు దొరకలేదని, ముద్దాయి శిక్ష అనుభవించాడని రాసి, కేసు మూసేశారు.

శిక్ష అయిపోయినవాడికి బెయిలు అక్కర్లేదు. బెయిలు లేనివాడికి పట్టీ లేదు. అప్పలకొండ ఉత్త చేతులతో చేపలగడ్డ చేరాడు. ఇంటి యజమాని అతని మొహం చూడలేదు, మణికట్టు చూశాడు. వారంలోపల గది ఖాళీ చెయ్యమన్నాడు. శాంతిశిఖర గేటు ముందు నూకరత్నం బండిని వాచ్‌మన్ తోసేశాడు, పట్టీ లేనివాడి పెళ్ళాం అక్కడ వ్యాపారం చెయ్యకూడదట. అప్పలకొండ ఊరంతా పని కోసం తిరిగాడు. ఊళ్ళో కుళాయిలన్నీ కారుతూనే ఉన్నాయి, కాని పట్టీ లేని ప్లంబర్ని గుమ్మం తొక్కనిచ్చే ఇల్లు లేదు. జైలుకు వెళ్ళొచ్చి కూడా పట్టీ సంపాదించలేకపోయాడంటే వీడు ఎంత ఘోరమైనవాడో అని జనం గుసగుసలాడుకున్నారు. ఆ ఊరి తెలివి అలాంటిది.

బండి తోసేసిన రోజున, అది తీసుకెళ్ళడానికి వచ్చిన అప్పలకొండకు సెల్లారులోంచి ఒక చప్పుడు వినబడింది. మోటారు చప్పుడు. ప్లంబరుకు మోటారు గొంతు తెలుస్తుంది. వంగి చూశాడు. అదే మోటారు, తాను తీశానని ఒప్పుకున్న మోటారు, తన చోట తాను హాయిగా తిరుగుతోంది. అతను బండిని గోడకు ఆనించాడు. తర్వాత జేబులోంచి స్పానర్ తీశాడు.

"ఏటి సేత్తన్నావు?" అంది నూకరత్నం.

"ఈసారి నిజింగానే తీత్తన్నానే. పట్టీ కావాల గదా మనకి."

పట్టపగలు, వాచ్‌మన్ కేకలు పెడుతూ ఉండగా, బోల్టులు విప్పి, మోటారు భుజానికెత్తుకుని అతను స్టేషనుకు నడిచాడు. వెనకే నూకరత్నం. వాళ్ళ వెనక లుంగీ ఎగగట్టుకుని భుజంగరావు. స్టేషను నిండా పెద్దమనుషులు, ఒడిలో ఎవరి నేరం వాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు.

"దొంగ! మా మోటారు! కేసు రాయండి!" అని అరిచాడు భుజంగరావు.

"రాయండి బాబూ," అన్నాడు అప్పలకొండ కూడా.

సన్యాసినాయుడు మోటారు మీద నంబరు చూశాడు. కంప్యూటర్లో చూశాడు. మళ్ళీ మోటారు చూశాడు. అతని మొహంలోకి చాలా రోజుల తర్వాత వెలుగు వచ్చింది.

"కుదరదురా అప్పలకొండా. ఈ మోటారు దొంగతనానికి నీకు శిచ్చ అయిపోనాది. ఒకే నేరానికి రెండు కేసులెట్టకూడదు."

"అదెలా కుదరదు?" భుజంగరావు గుడ్లురిమాడు. "ఇప్పుడే, ఈ పూటే, మా సెల్లారులోంచి ఎత్తుకొచ్చాడు!"

"మీ సెల్లార్లోంచా?" ఎస్సై పెన్ను తీశాడు. "అయితే ఇన్నాళ్ళూ మోటారు మీ దగ్గిరే ఉందని సెప్తన్నారా సార్? పోయిందని మీరిచ్చిన కంప్లయింటు అబద్ధమని రాసుకుంటాను. బెయిలు మీదుండగా ఇంకో కేసంటే మీ చేతికున్న పట్టీ కత్తిరించాలి. రాయమంటారా?"

భుజంగరావు తన మణికట్టు వైపు చూసుకున్నాడు. బల్ల గుద్దే మనిషి, ఆ ఊళ్ళో అందరికంటే పెద్ద గొంతున్న మనిషి, నోరు మూసుకుని రెండో చేత్తో పట్టీని కప్పుకున్నాడు. ఇంత చిన్న మనిషి కోసం ఒక సంసారం వీధిన పడిందా అని సన్యాసినాయుడికి కూడా అసహ్యం వేసింది.

"మరి నాకు పట్టీ?" అన్నాడు అప్పలకొండ.

"ఇంకేదైనా తీసుకురారా, రాసేత్తాను."

అప్పలకొండ దిక్కులు చూశాడు. తీయడానికి అతనికి ఇంకేమీ తోచలేదు. "జరగవయ్యా, మాకు టైమవుతోంది," అన్నాడు వెనకనించి హెడ్మాస్టరు, ఈసారి పార్కు బెంచీ తెచ్చాడు.

అప్పుడు నూకరత్నం నోరు విప్పింది. "సిగ్గు నేదేటి మీకు? మా ఆయన దొంగతనం సెయ్యకండా జైల్లో కూకున్నాడు. మీరు సేసి కుర్సీల్లో కూకున్నారు! శిచ్చ మాది గదా? అయితే మోటారూ మాదే. పదవయ్యా, మనకీ ఊరొద్దు."

"నా కుళాయి..." అని ఏదో అనబోయాడు అప్పలకొండ.

"ఆళ్ళే బిగించుకుంటారు," అంది ఆమె.

ఆ సాయంత్రం కొండల వైపు పోయే ఎండుచేపల లారీలో ఇద్దరూ ఎక్కారు. మోటారు వాళ్ళ మధ్య ఉంది. నూకరత్నం అన్నగారికి అక్కడ కొద్దిగా మెట్టపొలం, ఒక బావి ఉన్నాయి. లారీ చేపలగడ్డ దాటేవరకూ అప్పలకొండ వెనక్కి చూస్తూనే ఉన్నాడు. నూకరత్నం అతన్ని చూడనిచ్చింది.

తర్వాత నెలలో పరదేశం నుంచి ఒక శాస్త్రవేత్తల బృందం వస్తోందని, ఫ్రేములోని గీత తాలూకు మనిషిని వాళ్ళకు చూపించాలని డాక్టర్ పరాంకుశం కారు వేసుకుని బయల్దేరాడు. చేపలగడ్డలో ఆ గదిలో మరెవరో ఉన్నారు. శాంతిశిఖర గేటు ముందు పచ్చపట్టీల చేతులు బకెట్లు పట్టుకుని ట్యాంకర్ కోసం బారులు తీరి ఉన్నాయి. అసోసియేషన్ డబ్బుతో కొత్త మోటారు కొందామంటే, పాతది ఏమైందో కాగితం మీద రాయాలి. అది రాయడానికి ప్రెసిడెంటు ఒప్పుకోవడం లేదు. ఆ వరసలో ప్రెసిడెంటే ముందున్నాడు.

"అప్పలకొండ ఎక్కడ?" అనడిగాడు డాక్టరు.

"ఊరొదిలి పారిపోయాడు," అన్నాడు భుజంగరావు.

"అసాధ్యం. నా యంత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అతను తిరిగొస్తాడు."

"ఎందుకొస్తాడండీ?"

డాక్టర్ పరాంకుశం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. వాయిదా లేదు, గది లేదు, బండి లేదు. ట్యాంకర్ రావడంతో భుజంగరావు ఆయన్ని పక్కకు నెట్టి బకెట్టుతో పరిగెత్తాడు. డాక్టరు జైలుకు తిరిగి వెళ్ళి, బృందం వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే చెప్పడానికి, ఆ గ్రాఫు కింద చిన్న కాగితం అంటించాడు. ఈ వ్యక్తి ప్రస్తుతం ఊళ్ళో లేడు అని దానిమీద రాసి ఉంది.